గాజీని ముంచింది ఎవరు? యుద్ధం చేసి, ఆ యుద్ధం చరిత్రనే రాసిన అడ్మిరల్ హీరానందాని కథ

మెదక్ నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు ఎపిసోడ్ సముద్రం గురించి, సముద్ర యుద్ధాల చరిత్ర రాసిన ఒక మనిషి గురించి.

మెదక్‌లో కూర్చుని సముద్రం ముచ్చట ఏంటి అనుకుంటున్నారా? మనకు ఉన్నది మంజీరా, ఏడుపాయలు, ఊరి చుట్టూ చెరువులు. మనలో చాలామంది ఓడను సినిమాలోనే చూసి ఉంటారు. అయినా మనకూ నేవీకీ లింకు ఉంది. ఒకటి కాదు, మూడు చెప్తాను.

ఒకటి. మన పాత మెదక్ జిల్లాలో, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా కిందికి వచ్చే ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఉంది కదా. అక్కడ ఆర్మీ కోసం ‘శరత్’ అనే యుద్ధ వాహనాలు తయారవుతాయి. ఆ వాహనం మీద ఉండే 30 మిల్లీమీటర్ల తుపాకీకి పేరే ‘మెదక్ గన్’. దాన్నే ఓడల మీద వాడేలా మార్చి సీఆర్ఎన్-91 అని పేరు పెట్టారు. నేవీలో కార్ నికోబార్ తరగతి గస్తీ నౌకల మీద ఉండే తుపాకీ అదే. అంటే మన జిల్లా పేరు సముద్రం మీద తిరుగుతోందన్నమాట.

రెండు. 1971 యుద్ధం అప్పుడు ప్రధానమంత్రి ఇందిరా గాంధీ. ఆమే 1980లో మన మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఎద్దుమైలారం ఫ్యాక్టరీకి 1984లో శంకుస్థాపన చేసింది కూడా ఆమే.

మూడు. పక్కనే వికారాబాద్ జిల్లా దామగుండం. సముద్రం లోపల ఉన్న సబ్‌మెరైన్లకు సందేశాలు పంపే నేవీ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్‌లో అక్కడ శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని చాలామంది వ్యతిరేకించారు, దేశరక్షణకు కావాలని చాలామంది సమర్థించారు. ఏ పక్కన ఉన్నా సరే, సబ్‌మెరైన్ అంటే ఏంటి, అది తన నేవీతో ఎలా మాట్లాడుతుంది అనేది ఇప్పుడు తెలంగాణ వాళ్ళకు కూడా అవసరమైన విషయమే.

సరే, అసలు కథలోకి వద్దాం.

‘ఘాజీ’ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. 2017 ఫిబ్రవరిలో వచ్చింది. రానా హీరో, సంకల్ప్ రెడ్డి డైరెక్టర్. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. సినిమాలో ఏం చూపించారు? మన సబ్‌మెరైన్ ఒకటి, పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ ఒకటి, నీళ్ళ కింద రెండింటి మధ్య పోరాటం. చివరికి మనవాళ్ళు టార్పెడోతో గాజీని పేల్చేస్తారు. థియేటర్‌లో విజిల్స్.

సినిమాగా బాగుంది. నేనూ ఎంజాయ్ చేశాను. కానీ అది కల్పిత కథ అని ఆ సినిమా వాళ్ళే మొదట్లో చెప్పారు. నిజంగా జరిగిన యుద్ధంలో మన సబ్‌మెరైన్ ఏదీ గాజీతో తలపడలేదు. గాజీ మునిగింది మాత్రం నిజం, విశాఖపట్నం ముంగిట్లో మునిగింది మాత్రం నిజం. మరి ముంచింది ఎవరు?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే మనకు ఒక పేరు ఎదురవుతుంది. వైస్ అడ్మిరల్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందాని. తెలుగువాడు కాదు, సింధీ. కానీ విశాఖ తీరంలో జరిగిన ఆ రాత్రి కథను నేవీ తరఫున చరిత్రగా రాసే బాధ్యత ఆయన మీదికి వచ్చింది.

ఆయన 1931లో పుట్టారు. నేవీలో చేరారు. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చేసరికి ముంబయి కేంద్రంగా ఉండే వెస్టర్న్ ఫ్లీట్‌లో ఫ్లీట్ ఆపరేషన్స్ ఆఫీసర్‌గా ఉన్నారు. అంటే ఏంటి? ఫ్లీట్ కమాండర్ పక్కనే ఉండి, ఏ ఓడ ఎక్కడికి పోవాలి, ఎప్పుడు పోవాలి, ఎవరు ఎవరికి తోడుండాలి అనే ప్లాన్ చూసే ఆఫీసర్. డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద మిసైల్ బోట్లతో దాడి చేసింది ఈ వైపు నుంచే. ఆపరేషన్ ట్రైడెంట్. నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న బోట్లు వెళ్ళి పాకిస్తాన్ డెస్ట్రాయర్ ఖైబర్‌ను ముంచాయి. మనం ఏటా డిసెంబర్ 4న నేవీ డే చేసుకునేది ఆ దాడి గుర్తుగానే.

తర్వాత ఆయన ఎదుగుతూ పోయారు. 1980లో సోవియట్ యూనియన్‌లో తయారైన కొత్త డెస్ట్రాయర్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మన నేవీలో చేరింది. దానికి మొదటి కమాండింగ్ ఆఫీసర్ ఆయనే. 1989లో నేవీలో రెండో పెద్ద పదవి, వైస్ చీఫ్‌గా రిటైర్ అయ్యారు. ఆ తర్వాత యూపీఎస్సీ మెంబర్‌గా పనిచేశారు.

ఇక హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు కదా? కూర్చోలేదు. నేవీ చరిత్ర రాసే పని చేపట్టారు. 1965 నుంచి 1975 వరకు జరిగిన కథను ‘ట్రాన్సిషన్ టు ట్రయంఫ్’ పేరుతో రాశారు. అది 2000లో వచ్చింది. 1976 నుంచి 1990 వరకు కథ ‘ట్రాన్సిషన్ టు ఎమినెన్స్’. అది 2005లో వచ్చింది. 1991 నుంచి 2000 వరకు కథ ‘ట్రాన్సిషన్ టు గార్డియన్‌షిప్’. అది ఆయన చివరి పుస్తకం. 2009లో ఆయన కన్నుమూశారు. అంటే రిటైర్ అయ్యాక మిగిలిన జీవితంలో పెద్ద భాగం ఈ మూడు పుస్తకాలకే పోయింది.

ఇప్పుడు గాజీ దగ్గరికి పోదాం.

గాజీ మొదట అమెరికా వాళ్ళ సబ్‌మెరైన్. పేరు డయాబ్లో. 1960లలో పాకిస్తాన్‌కు ఇచ్చారు. 1971 నవంబర్ 14న కరాచీలో బయలుదేరింది. అరేబియా సముద్రం దాటి, శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. టార్గెట్ ఏంటి? మన విమాన వాహక నౌక విక్రాంత్.

విక్రాంత్‌కు అప్పుడు బాయిలర్‌లో పగుళ్ళు. పూర్తి స్పీడ్‌తో పోలేదు. పరిగెత్తలేని ఓడను సబ్‌మెరైన్ కొట్టడం సులువు. అందుకే విశాఖలో ఈస్టర్న్ నేవల్ కమాండ్ అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఒక ఎత్తు వేశారు. విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో దాచి పెట్టారు. కానీ విశాఖలో మాత్రం అది ఇక్కడే ఉన్నట్టు నాటకం నడిపించారు. ఒక పెద్ద ఓడకు సరిపోయేంత రేషన్, కూరగాయలు, మాంసం విశాఖలో ఆర్డర్ చేయించారు. ఊళ్ళో గూఢచారులు ఉంటే వాళ్ళ చెవిన పడాలని. ఒక నావికుడు తల్లి ఆరోగ్యం ఎలా ఉందో అడుగుతున్నట్టు విక్రాంత్ నుంచి ఒక ఉత్తుత్తి టెలిగ్రామ్ పంపించారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత డెస్ట్రాయర్‌ను సముద్రంలోకి పంపి, విక్రాంత్ మాట్లాడుతున్నట్టు వైర్‌లెస్ సిగ్నల్స్ ఇప్పించారు.

ఒక్క నిమిషం. రాజ్‌పుత్ పేరు ఇప్పుడే విన్నాం కదా? ఇది ఆ రాజ్‌పుత్ కాదు. ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఓడ, 1949లో మనకు వచ్చింది. దీని సర్వీసు అయిపోయాక అదే పేరు పెట్టుకుని వచ్చిన కొత్త ఓడకు హీరానందాని మొదటి కెప్టెన్ అయ్యారు. ఆ కొత్త రాజ్‌పుత్ కూడా 41 ఏళ్ళు పనిచేసి 2021లో విశాఖలోనే రిటైర్ అయింది. కాబట్టి గాజీ గురించి చదివేటప్పుడు ఈ రెండు ఓడలను కలిపేయకండి.

సరే. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌బేస్‌ల మీద దాడి చేశాయి. యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రి పాత రాజ్‌పుత్ విశాఖ హార్బర్ నుంచి బయటికి వెళ్తోంది. నీళ్ళలో ఏదో అనుమానంగా కనిపించి రెండు డెప్త్ చార్జ్‌లు వదిలింది. డెప్త్ చార్జ్ అంటే నీళ్ళలోకి దిగాక అనుకున్న లోతులో పేలే బాంబు. అర్ధరాత్రి దాటాక సముద్రంలో భారీ పేలుడు. తీరంలో ఇళ్ళ కిటికీలు అదిరాయి. ఇందిరా గాంధీ రేడియో ప్రసంగం కోసం మేలుకుని ఉన్న విశాఖ జనం ఆ చప్పుడు విన్నారు.

తర్వాత మత్స్యకారులకు సముద్రంలో తేలుతున్న వస్తువులు దొరికాయి. నేవీ డైవర్లు కిందికి దిగి చూశారు. గాజీ అక్కడే ఉంది. లోపల 90 మందికి పైగా మనుషులు. ఒక్కరూ బతకలేదు.

ఇక్కడి నుంచి చరిత్రకారుడి పని మొదలవుతుంది.

కృష్ణన్ తన పుస్తకం ‘నో వే బట్ సరెండర్’లో ఆ ఘనత రాజ్‌పుత్‌దే అన్నట్టు రాశారు. పాకిస్తాన్ వాళ్ళేమో మా సబ్‌మెరైన్‌ను ఎవరూ ముంచలేదు, అది విశాఖ ముందు మైన్లు పెడుతూ ప్రమాదవశాత్తు పేలిపోయింది అంటారు. మైన్లు అంటే నీళ్ళలో పెట్టే మందుపాతరలు. ఇంకో అనుమానం బ్యాటరీల మీద. ఆ కాలపు సబ్‌మెరైన్ నీళ్ళ కింద బ్యాటరీలతోనే నడుస్తుంది. మన ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టేటప్పుడు గాలి ఆడే చోట పెట్టమని షాపువాళ్ళు చెప్తారు కదా, ఎందుకు? చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అది అంటుకునే వాయువు. మూసేసిన ఇనుప గొట్టం లాంటి సబ్‌మెరైన్‌లో వందల బ్యాటరీలు ఉంటే ఆ గ్యాస్ ఎంత ప్రమాదమో మీరే ఊహించండి.

మన సైన్యం నుంచే వేరే మాట కూడా వచ్చింది. అప్పుడు కలకత్తాలో ఆర్మీ ఈస్టర్న్ కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జె.ఎఫ్.ఆర్. జేకబ్ తర్వాతి కాలంలో నేవీ కథను ఒప్పుకోలేదు, అది ప్రమాదమే అన్నారు.

హీరానందాని ముందు రెండు దారులు ఉన్నాయి. ఆయన నేవీ మనిషి. రాయమన్నది నేవీ. ‘మనవాళ్ళే ముంచారు’ అని ఒక్క లైన్ రాసేసి ముందుకు పోతే అడిగేవాడు లేడు. ఆయన అలా చేయలేదు. కృష్ణన్ చెప్పింది పెట్టారు. పాకిస్తాన్ నేవీ తన చరిత్రలో ఏం రాసుకుందో అది కూడా తెచ్చి పక్కన పెట్టారు. శత్రువు రాసుకున్నది కూడా చదివితేనే యుద్ధం పూర్తిగా అర్థమవుతుంది అనేది ఆయన పద్ధతి. తీర్పు కంటే ముందు సాక్ష్యాలు.

ఇది చిన్న విషయం అనుకోకండి. మనం ఇప్పుడు వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ వస్తే మొదట ఏం చూస్తాం? మనకు నచ్చిందా లేదా అని. నచ్చితే పది గ్రూపులకు పంపేస్తాం. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్ళకు ఎలా తెలుసు, అవతలివాళ్ళు ఏమంటున్నారు అని చూడం. ఒక యుద్ధంలో స్వయంగా పాల్గొని, మెడల్ తీసుకుని, వైస్ చీఫ్ దాకా పోయిన మనిషి, దేశభక్తిలో ఎవరికీ తీసిపోని మనిషి, అవతలివాడి మాట కూడా పుస్తకంలో పెట్టాడంటే ఆయనకు తన నేవీ మీద నమ్మకం ఉన్నట్టు. నిజం చెప్తే తగ్గిపోతాం అనే భయం లేనట్టు.

గాజీ మన వైపు నుంచి గెలుపు కథ. గెలుపు గురించి నిజాయితీగా రాయడం కష్టమే. కానీ ఓటమి గురించి రాయడం ఇంకా కష్టం. అదీ తాను పనిచేసిన ఫ్లీట్‌లో జరిగితే.

1971 డిసెంబర్ 9 రాత్రి. గుజరాత్ తీరం, డయ్యూ దగ్గర. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఒకటి అక్కడ తిరుగుతోందని తెలిసి, దాన్ని వేటాడటానికి ఖుక్రీ, కిర్పాన్ అనే రెండు ఓడలను పంపించారు. ఆ సబ్‌మెరైన్ పేరు హంగోర్. ఫ్రాన్స్‌లో తయారైంది, కొత్తది. నీళ్ళలో చప్పుడును పట్టుకునే పరికరాన్ని సోనార్ అంటారు. ఖుక్రీ సోనార్ ఎంత దూరం వినగలదో, హంగోర్ సోనార్ అంతకంటే ఎక్కువ దూరం వినగలదు. అంటే వేటగాడికి జంతువు కనిపించకముందే జంతువుకు వేటగాడు కనిపిస్తాడు. హంగోర్ టార్పెడో కొట్టింది. ఖుక్రీ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలలేదు, దానితోనే మునిగిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

ముల్లా త్యాగం గురించి మన దగ్గర చాలా వీడియోలు ఉన్నాయి. ఉండాలి కూడా. కానీ చరిత్రకారుడు అక్కడ ఆగిపోతే కుదరదు. ఆ సోనార్‌తో ఆ ఓడలను ఎందుకు పంపాల్సి వచ్చింది? స్పీడ్ ఎందుకు తగ్గించి వెళ్ళారు? సోనార్ పనితీరు పెంచే ప్రయోగం ఒకటి అప్పుడు ఖుక్రీ మీద నడుస్తోంది, దానికోసం నెమ్మదిగా వెళ్ళాల్సి వచ్చిందన్న వాదన ఉంది. ఇవన్నీ ఇబ్బంది పెట్టే ప్రశ్నలు. ఎవరో వేరే ఫ్లీట్ గురించి కాదు, హీరానందాని ఆపరేషన్స్ ఆఫీసర్‌గా ఉన్న వెస్టర్న్ ఫ్లీట్ గురించి. 194 మంది పోయిన రాత్రిని, దాదాపు 30 ఏళ్ళ తర్వాత మళ్ళీ తవ్వి, టెక్నికల్‌గా ఎక్కడ వెనకబడ్డామో రాయడం అంటే, ఫ్రెండ్స్, మామూలు గుండె కాదు.

అలా ఎందుకు రాయాలి? మనవాళ్ళ తప్పులు బయటపెట్టుకోవడం ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. జవాబు సింపుల్. ఇవాళ నేవీలో చేరే 18 ఏళ్ళ కుర్రాడు, వాడు మన మెదక్ కుర్రాడే కావచ్చు, రేపు అలాంటి ఓడ మీదే డ్యూటీ చేస్తాడు. త్యాగం మాత్రమే చెప్పి లోపం దాచిపెడితే, వాడు కూడా అదే లోపంతో సముద్రంలోకి పోతాడు.

ఆయన పుస్తకాల్లో అన్నీ యుద్ధాలే ఉంటాయి అనుకోకండి. ఓడలు ఎక్కడి నుంచి కొన్నాం, సోవియట్ వాళ్ళ వైపు ఎందుకు వెళ్ళాం, డాక్‌యార్డ్‌లు ఎలా కట్టుకున్నాం, రిపేర్లు, ట్రైనింగ్, డబ్బులు, ఇలాంటివి చాలా ఉంటాయి. రెండో పుస్తకం కాలంలోనే శ్రీలంకకు మన సైన్యం వెళ్ళింది, 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటును మనవాళ్ళు ఆపారు, సోవియట్ నుంచి అణుశక్తితో నడిచే సబ్‌మెరైన్ చక్ర లీజుకు వచ్చి విశాఖ చేరింది. చదువుతుంటే ఒక్కోసారి ఆఫీసు ఫైల్ చదివినట్టు ఉంటుంది, అది కూడా నిజమే. థ్రిల్లర్ కోసం చూస్తే నిరాశ పడతారు.

ఇంకో పరిమితి కూడా చెప్పాలి. ఇది నేవీ రాయించిన చరిత్ర. రాసింది నేవీ అడ్మిరల్. కాబట్టి కొన్ని చోట్ల సొంత ఇంటి గొంతు వినిపిస్తుంది. గాజీలో చనిపోయిన నావికుల ఇళ్ళల్లో ఏమైంది, ఖుక్రీ బాధిత కుటుంబాలు ఏమనుకున్నాయి, ఆ రాత్రి విశాఖ మత్స్యకారుల వాడలో ఏం మాట్లాడుకున్నారు, ఇవి అలాంటి పుస్తకంలో పెద్దగా దొరకవు. ఆ భాగం వేరే వాళ్ళు రాయాలి.

ఆయన ఈ పని సమయానికి చేశారు అని ఎందుకు అంటున్నానో వినండి. గాజీకి సంబంధించిన నేవీ పాత రికార్డులు ధ్వంసమైపోయాయని 2010లో జాతీయ పత్రికల్లో వార్తలు వచ్చాయి. కాగితం పోయింది. ఆ రాత్రి చూసిన మనుషులు ముసలివాళ్ళయ్యారు, ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అంతకు పదేళ్ళ ముందే, 2000లోనే, ఒకాయన కూర్చుని రికార్డులు చదివి, తోటి ఆఫీసర్ల జ్ఞాపకాలు పోగుచేసి పుస్తకంగా వేసి ఉండకపోతే, మనకు ఈరోజు మిగిలేది సినిమా ఒక్కటే. సినిమా క్లైమాక్సే చరిత్ర అయిపోయేది.

మరి గాజీని ముంచింది ఎవరు? నా జవాబు ఇది. రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లు వదిలింది, ఇది గట్టి విషయం. పెద్ద పేలుడు జరిగింది, ఇదీ గట్టి విషయం. ఆ పేలుడు బయటి దెబ్బ వల్లా, లోపలి ప్రమాదం వల్లా అన్నది ఇంకా తేలలేదు. కానీ అది అంత దూరం వచ్చి, లేని విక్రాంత్ కోసం విశాఖ ముందు కాపు కాసింది. అలా కాయించింది మాత్రం కృష్ణన్ తెలివి. ఆ ఘనతను ఎవరూ తీసేయలేరు. గర్వపడటానికి ఇది చాలదా? దాని మీద ఇంకో అబద్ధం అతికించాల్సిన అవసరం ఏముంది?

మీరు విశాఖ టూర్‌కు పోతే ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూడండి. అది కూడా 1971 యుద్ధంలో పనిచేసిన సబ్‌మెరైనే. లోపల తల వంచుకుని నడుస్తుంటే, ఆ ఇరుకులో అంతమంది ఎలా బతికారో అర్థమవుతుంది. బయటికి వచ్చాక ఎదురుగా ఉన్న సముద్రం వైపు ఒకసారి చూడండి. గాజీ, అందులోని మనుషులు, ఆ నీళ్ళ అడుగునే ఉన్నారు. వాళ్ళు కూడా ఎవరో ఒకరి కొడుకులే.

చివరగా ఒక పని చెప్తాను. మన జిల్లాలో ఆర్మీలో, నేవీలో, ఎయిర్‌ఫోర్స్‌లో చేసి వచ్చిన పెద్దవాళ్ళు ఉన్నారు. ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో పనిచేసి రిటైర్ అయినవాళ్ళు ఉన్నారు. మీ తాత కావచ్చు, మీ పెద్దనాన్న కావచ్చు, పక్కింటి మామ కావచ్చు. ఫోన్ చేతిలోనే ఉంది. ఒక అరగంట పక్కన కూర్చుని, ‘తాతా, నువ్వు ఏ యూనిట్‌లో ఉన్నవ్, ఏ ఊర్లో ఉన్నవ్, ఏం చూసినవ్’ అని అడిగి రికార్డ్ చేయండి. తేదీ చెప్పించండి. నువ్వు కళ్ళారా చూశావా, ఎవరైనా చెప్తే విన్నావా అని తప్పకుండా అడగండి. మ్యూజిక్ పెట్టకండి, కట్ చేయకండి, అలాగే దాచిపెట్టండి. హీరానందాని పుస్తకాలు కూడా మొదలైంది ఇలా అడగడం, విని రాసుకోవడం దగ్గరే.

ఆయన పుస్తకాలను నేవీ తన వెబ్‌సైట్‌లో కూడా పెట్టింది. ఇంగ్లిష్‌లో ఉంటాయి, కొంచెం బరువుగా ఉంటాయి. ఒకేసారి మొత్తం చదవక్కర్లేదు. 1971 భాగం తెరిచి, గాజీ దగ్గర మొదలుపెట్టండి. తర్వాత సినిమా మళ్ళీ చూడండి, ఏది కథో ఏది చరిత్రో మీకే తెలుస్తుంది.